చెరువు గట్టు మీద తెల్లవారుజాము: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ నెల అందిన ఉత్తరాల్లో నాలుగింటిని ఇక్కడ తీసుకున్నాను. రాసినవారి పేర్లూ ఊళ్లూ తీసివేశాను. గోదావరి డెల్టాలో ఊరి పేరు, చేసే పని చెబితే చాలు, మనిషి ఎవరో మూడో ఇంటివారు చెప్పేస్తారు. నాలుగూ వేరువేరు ఇళ్ల నుంచి వచ్చినా, శోధన గురించీ, అంటే మనిషిని పరీక్షించి తప్పువైపు లాగే ఒత్తిడి గురించీ, శోధన కంటే ముందే మనసులో పాతుకుపోయే వైఖరుల గురించీ అడిగినవే.

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామమున వందనాలు. నాకు 26 ఏళ్లు. భీమవరం వైపు ఒక వనామీ రొయ్యల చెరువు మీద రాత్రి కాపలా ఉంటాను. నిద్ర రాకుండా ఉండటానికి ఫోనులో రమ్మీ మొదలుపెట్టాను. మొదటి వారం 300 రూపాయలు పెడితే 700 వచ్చాయి. ఇప్పటికి 1,80,000 పోయాయి. అందులో చెల్లి పెళ్లికని అమ్మ వేసిన చీటీ డబ్బు 90,000. ఇంట్లో ఎవరికీ తెలియదు. మేత పని ముగించి, చెక్ ట్రేలు చూసి, ఒంటిగంటకు షెడ్డులో నడుము వాల్చగానే చెయ్యి ఫోను మీదకు పోతుంది. ప్రతి ఆదివారం కన్నీళ్లతో దేవుని ఎదుట ఒప్పుకుంటాను. రెండుసార్లు బైబిలు మీద చెయ్యి వేసి ఒట్టు కూడా పెట్టుకున్నాను. బుధవారానికి మళ్లీ మామూలే. నాలో దురాత్మ ఉందనీ, విమోచన ప్రార్థన చేయించుకోవాలనీ ఒకరు చెప్పారు. ఒక్కోసారి ఆ చెరువులోకే దిగిపోవాలనిపిస్తోంది.

జవాబు: తమ్ముడూ, నీ ఉత్తరంలోని చివరి వాక్యం నుంచే మొదలుపెడుతున్నాను, ఎందుకంటే మిగిలినవన్నీ ఒక రోజు ఆగగలవు, అది ఆగదు. అలాంటి ఆలోచన వచ్చిన రాత్రి వెంటనే 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడుపుతున్న టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య సేవ. డబ్బు తీసుకోరు, ఏ వేళలోనైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. అలా ఫోన్ చేయడం విశ్వాసం తక్కువై చేసే పని కాదు. ఏలీయా ప్రవక్త చెట్టు కింద కూర్చుని తన ప్రాణం తీసుకొమ్మని దేవుణ్ణి అడిగినప్పుడు, దూత వచ్చి ప్రసంగం చేయలేదు; రొట్టె, నీళ్లు చూపించి, తిననిచ్చి, మళ్లీ పడుకోనిచ్చాడు.

ఇక దురాత్మ సంగతి. నీ కోసం ప్రార్థించేవాళ్లను నేను వద్దనను, నేనూ ప్రార్థిస్తున్నాను. కానీ ఒక్క రాత్రిలో నూనె రాసి ఈ అలవాటు వదిలిస్తామనీ, దానికి కానుక ఇంత అనీ చెప్పేవాళ్ల గుమ్మం తొక్కకు. ఇప్పటికి పోయిన సొమ్ము చాలు. యాకోబు తన పత్రికలో, "ప్రతివాడును తన స్వకీయమైన దురాశచేత ఈడ్వబడి మరులు కొల్పబడినవాడై శోధింపబడును" అని రాశాడు (1:14). "మరులు కొల్పబడి" అని మన బైబిలులో ఉన్నచోట మూలంలోని గ్రీకు మాట, ఎర అనే అర్థమున్న మాట నుంచి పుట్టింది. కాలువ గట్టున గాలానికి వానపామును గుచ్చిన ప్రతి కుర్రవాడికీ తెలుసు, చేపకు కనిపించేది వానపామే. నీకు కనిపించింది ఆ మొదటి వారపు 700 రూపాయలు. ప్రతిసారీ వచ్చే గెలుపు కంటే, ఎప్పుడొస్తుందో తెలియకుండా అప్పుడప్పుడూ వచ్చే గెలుపు మనసును ఎక్కువ గట్టిగా పట్టుకుంటుంది. ఒక్క ముక్క తేడాతో పోయిన ఆట ఓడిపోయినట్టుగా కాక, గెలుపు చేతిదాకా వచ్చి జారినట్టుగా తోస్తుంది. ఆ తరువాత "పోయిన చోటే రాబట్టుకోవాలి" అనే మాట లోపల మొదలవుతుంది, నా అనుభవంలో ఇళ్లు కూలిన జూదాలన్నీ ఆ మాట మీదనే కూలాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితాలో జూద వ్యసనం కూడా ఉంది. కాబట్టి మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్లడానికి సిగ్గుపడవద్దు.

ఇప్పుడు నీ చెరువు దగ్గరకే వద్దాం, ఈ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. పగలంతా నీళ్లలోని పచ్చదనం ఎండను పట్టుకుని ఆక్సిజన్ తయారుచేస్తుంది. పొద్దుగూకాక ఆ తయారీ ఆగిపోతుంది, ఆ పచ్చదనం కూడా ఆక్సిజన్‌ను పీల్చుకోవడం మాత్రం ఆగదు. అందుకే తెల్లవారబోయే ముందు అది అట్టడుగుకు పడిపోతుంది. రొయ్యలు పైకి తేలి గట్టు వారకు చేరిన తరువాత, నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ వేసే కాపలావాణ్ణి ఏ రైతూ మర్నాడు ఉంచుకోడు. సాయంత్రమే నీటి రంగు చూస్తావు, మబ్బు పట్టిందేమో చూస్తావు, డీజిల్ ఉందో లేదో చూసుకుంటావు. నీ మనసుకూ అలాంటి వేళ ఒకటి ఉంది, అది ఏ వేళో నువ్వే రాశావు. ఆదివారం ఉదయం, పదిమంది మధ్య, పాటల మధ్య నువ్వు కార్చే కన్నీళ్లు నిజమైనవే, వాటిని నేను శంకించను. అయితే అది మనసులో ఊపిరి నిండుగా ఉన్న వేళ. బుధవారం రాత్రి ఒంటిగంటకు ఏం చేయాలో ఆ ఆదివారమే ఏర్పాటు చేసుకుని ఉంటే, ఇప్పుడు ఈ ఉత్తరం వేరుగా ఉండేది.

ఆ ఏర్పాటు చాలా మామూలు పనులతో చేయవలసినది. గట్టు మీదకు బటన్ల ఫోను మాత్రమే పట్టుకెళ్లు. జీతం పడే ఖాతాకు యూపీఐ తీయించి, ఏటీఎం కార్డు అమ్మ చేతిలో పెట్టు. ఒంటిగంటకు నీకు ఫోన్ చేసే మనిషిని ఒకరిని కుదుర్చుకో. నిద్ర పట్టని పెద్దాయన ఒకరైనా లేని సంఘం ఈ జిల్లాల్లో ఉండదు, అడిగితే ఆయన సంతోషిస్తాడు. పోతీఫరు భార్య వస్త్రం పట్టుకున్నప్పుడు యోసేపు ఆమెతో వాదించలేదు, వస్త్రం ఆమె చేతిలోనే వదిలి బయటికి పారిపోయాడు. కొరింథీయులకు పౌలు రాసిన "తప్పించుకొను మార్గము" (1 కొరింథీ 10:13) కొన్నిసార్లు అంత మామూలుగానే ఉంటుంది.

ఒట్లు ఇక మానెయ్యి. "ఎంతమాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు" అని ప్రభువే చెప్పాడు. నీ ఒట్టు నీ బలం మీద నువ్వు రాసుకున్న ప్రామిసరీ నోటు. తప్పిన ప్రతిసారీ నువ్వు ఇంకా పనికిరానివాడివని నీకు నువ్వే రుజువు చేసుకుంటున్నావు, ఆ నిరాశలోంచే మళ్లీ ఫోను అందుకుంటున్నావు. చివరి భోజనం వేళ పేతురు అందరికంటే గట్టిగా మాట ఇచ్చాడు. ఆ రాత్రి కోడి కూయకముందే ఏమైందో మనందరికీ తెలుసు.

అన్నిటికంటే కష్టమైనది అమ్మకు చెప్పడం, దాన్ని నేను తేలిక చేసి చెప్పలేను. దేవుని ఎదుట మాత్రమే ఒప్పుకుని అమ్మ దగ్గర దాస్తున్నంతకాలం ఆ రహస్యంలోనే ఆట బతుకుతూ ఉంటుంది. పన్నులు వసూలుచేసే జక్కయ్య నాలుగంతలు తిరిగి ఇస్తానని ప్రభువుతోనే అన్నాడు, కానీ ఆ సొమ్ము చేరవలసింది తాను మోసం చేసిన ఊరివాళ్లకు. చీటీ డబ్బు అమ్మది. ఒంటరిగా చెప్పడానికి ధైర్యం చాలకపోతే మీ సంఘ కాపరిని గానీ, మేనమామను గానీ వెంట పెట్టుకుని వెళ్లు. నెలకు ఎంత తిరిగి ఇవ్వగలవో ఒక కాగితం మీద ముందే రాసుకుని వెళ్లు. అమ్మ ఏడుస్తుంది, తిడుతుంది. ఆ తిట్లు తిని, ఆ ఇంట్లోనే అన్నం తిను.

ఆన్‌లైన్ జూదాన్ని మన రాష్ట్రంలో 2020లోనే, 1974 నాటి జూద చట్టాన్ని సవరించి, నిషేధించారు. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బుతో ఆడే ఆన్‌లైన్ ఆటలను దేశమంతటా నిషేధిస్తూ చట్టం చేసింది. అయినా నీ ఫోనుకు ఏదో ఒక లింకు వస్తూనే ఉందంటే, ఆ లింకులు పంపే నంబర్లను ఆపించే పని కూడా నువ్వే చేసుకోవాలి.

ఇంకొక్క సంగతి. అరణ్యంలో యేసు 40 దినాలు ఉపవాసముండి ఆకలిగొన్న తరువాతనే శోధకుడు దగ్గరకు వచ్చాడు, మొదట రొట్టె గురించే మాట్లాడాడు. ఆకలి పాపం కాదు. నీకు నిద్ర, ఒంటరితనం, చాలీచాలని జీతం ఉన్నాయి, అవీ పాపాలు కావు. శోధన కూర్చునే పీట మాత్రం అక్కడే ఉంది. ఆయన ఇచ్చిన మూడు జవాబులూ ద్వితీయోపదేశకాండములోని 6, 8 అధ్యాయాల్లోనివే, అంటే అప్పటికే నోటికి వచ్చినవి. నువ్వూ రెండు మూడు వాక్యాలు పగటిపూటే కంఠస్థం చేసుకో, ఒంటిగంటకు బైబిలు తెరిచి వెతుక్కునే ఓపిక ఎవరికీ ఉండదు. అంతా ముగిశాక అపవాది "కొంతకాలము" ఆయనను విడిచిపోయాడని లూకా రాశాడు. ఆయననే కొంతకాలం విడిచినది నిన్ను పూర్తిగా వదిలేస్తుందని అనుకోకు. నాలుగు వారాలు నిలబడి అయిదో వారం పడితే, మళ్లీ మొదటికి వచ్చానని ఏడుస్తూ కూర్చోవద్దు. ఆ రాత్రే ఆ పెద్దాయనకు ఫోన్ చేసి పడ్డానని చెప్పు.

ప్రశ్న: సండే స్కూలులో పిల్లలకు పరలోక ప్రార్థన నేర్పుతున్నాను. "మమ్మును శోధనలోకి తేక" అన్నచోట ఒక పాప లేచి, "దేవుడే మనల్ని శోధనలోకి తీసుకెళ్తాడా టీచర్?" అని అడిగింది. నాకు జవాబు తోచలేదు.

జవాబు: ఆ పాపకు నా తరఫున ఒక చాక్లెట్ ఇవ్వండి, పెద్ద పెద్ద పండితులు ఆగిన చోటే ఆమె ఆగింది. పైరస్మోస్ అనే గ్రీకు మాటకు పరీక్ష అనీ, పాపానికి లాగడం అనీ రెండర్థాలూ ఉన్నాయి. మన శోధన అనే మాటకూ ఆ రెండు వైపులూ ఉండటం అనువాదకుల అదృష్టం, మన తికమకకూ అదే కారణం. యాకోబు మొదటి అధ్యాయంలోనే, నానావిధమైన శోధనలలో పడినప్పుడు ఆనందించమని 2వ వచనమూ, దేవుడు ఎవనిని శోధింపడని 13వ వచనమూ చెబుతున్నాయి. మొదటిది పరీక్ష, రెండోది ఉచ్చు. ఇటలీలోని కాథలిక్ సంఘం 2020 నుంచి తమ ఆరాధనలో ఈ మాటను "మమ్మును శోధనకు విడిచిపెట్టకుము" అనే అర్థం వచ్చేటట్టు మార్చుకుంది.

పాపకు ఇదంతా అక్కరలేదు. నరసాపురం రేవులో పంటు మీద గోదావరి దాటేటప్పుడు పిల్లలు నాన్న చెయ్యి గట్టిగా పట్టుకుని, "అంచు దగ్గరకు తీసుకెళ్లకు నాన్నా" అంటారు. నాన్న తోసేస్తాడని కాదు, నీళ్లు చూస్తే తమకు భయమని. ఆ ప్రార్థన కూడా అలాగే అడుగుతోందని చెప్పండి.

ప్రశ్న: అయ్యగారూ, మాది నరసాపురం దగ్గర. నేను లేసు అల్లుతాను, మా ఆయనది తాపీ పని. మా తోడికోడలి భర్త కువైట్ వెళ్లి ఆరేళ్లలో మేడ కట్టించాడు. ఆమె కొత్త టైల్సు, ఫ్రిజ్ చూపిస్తుంటే నవ్వుతూనే ఉంటాను గానీ లోపల మండిపోతుంది. మొన్న వాళ్ల అబ్బాయి పరీక్ష తప్పాడని విని నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని చూసుకుని నాకే భయం వేసింది. ఆదివారం పాటల జట్టులో ముందు వరుసలో నిలబడి పాడేదాన్ని నేనే. తాతల నాటి నుంచి మేము క్రైస్తవులం. నాకు అసలు రక్షణ ఉన్నట్టేనా?

జవాబు: అమ్మా, ఆ సంతోషాన్ని చూసి మీరు భయపడ్డారు కదా, మొద్దుబారిన మనసుకు ఆ భయం రాదు. రక్షణ సందేహాన్ని కాసేపు పక్కన పెట్టి, ఆ మంట సంగతే చూద్దాం. విలియం బౌడెన్, జార్జి బీర్ 1836లో ఇంగ్లండు నుంచి వచ్చి మీ నరసాపురం వైపు సేవ ప్రారంభించిననాటి నుంచి లెక్కపెడితే, ఈ డెల్టాలో సువార్తకు దాదాపు 190 ఏళ్లు. ఇన్ని తరాలలో మనకొక భ్రమ ఏర్పడింది, విశ్వాసం కొబ్బరితోటలా తాత నుంచి మనవరాలికి సంక్రమిస్తుందని. ముందు వరుసలో నిలబడి పాడేవాళ్లకు అసూయ రాదనేది దానికి తోడు పుట్టిన మరో భ్రమ. 73వ కీర్తన రాసిన ఆసాపు దేవాలయంలో పాడే గాయకుడే. భక్తిహీనుల క్షేమం చూసి తాను మత్సరపడ్డాననీ, "నా పాదములు జారుటకు కొంచెమే తప్పెను" అనీ అతనే రాసుకున్నాడు, పైగా ఆ పాటను సంఘమంతా పాడుకోవడానికి ఇచ్చాడు.

మీ మంటలో రెండు వేరువేరు దారాలు కలిసిపోయాయని నాకు అనిపిస్తోంది. ఒకటి న్యాయమైన బాధ. 19వ శతాబ్దంలో మిషనరీలు ఈ ప్రాంతపు స్త్రీలకు నేర్పిన ఆ అల్లికకు 2024లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అయినా కళ్లు పోయేదాకా అల్లిన బల్లగుడ్డకు మీ చేతికి వచ్చేది ఎంతో, అది దుకాణంలో ఎంతకు పోతుందో మీకు తెలుసు. కూలి పెరగాలని కోరడం, దాని కోసం నలుగురు కలిసి అడగడం అసూయ కాదు. బిగపట్టిన కూలి మొరపెడుతుందని యాకోబే రాశాడు. రెండో దారం మాత్రం అసూయ. "మత్సరము ఎముకలకు కుళ్లు" అని సామెతల గ్రంథం (14:30) అన్నది దాని గురించే. తోడికోడలికి మేడ లేకపోయినా మీ కూలి ఒక్క రూపాయి పెరగదు కదా. అయినా ఆ మేడ లేకపోతే బాగుండునని అనిపించినచోట రెండో దారం మొదలైందని గుర్తుపట్టండి.

అల్లికలో ఒక కన్ను తప్పితే పైపైన సర్దలేమని, దారం లాగి ఆ తప్పిన కన్ను దాకా విప్పుకుంటూ వెళ్లాలని మీకు నేను చెప్పనక్కరలేదు. ఇక్కడా అలాగే వెనక్కి వెళ్లి చూడండి. మేడ కట్టిన రోజునే మొదలైందా, లేక అత్తగారు ఎప్పుడో పదిమందిలో "చిన్నకోడలు వచ్చిన వేళావిశేషం" అని అన్న రోజునా? చాలా ఇళ్లలో అసూయ కింద ఇలాంటి పాత గాయం ఒకటి ఉంటుంది. అదే అయితే, క్షమించవలసింది అత్తగారిని; తోడికోడలు మధ్యలో అనవసరంగా శిక్ష అనుభవిస్తోంది.

నా సంగతి కూడా చెప్పాలి. సేవలో తొలి ఏళ్లలో, నాతో కలిసి చదువుకున్న ఒక సేవకుణ్ణి ప్రతి ఊరి కూటములకూ పిలిచేవారు, నన్ను పిలిచేవారు కాదు. అతని కూటానికి వెళ్లి వెనుక కూర్చుని, వాక్యం వినకుండా, ఖాళీగా ఉన్న కుర్చీలు లెక్కపెట్టాను. నలభై మూడు. ఇన్నేళ్లయినా ఆ అంకె మరచిపోలేదు. నాకు దారి చూపింది, అతని పేరు పెట్టి, అతని కూటాలు నిండాలని ప్రతి ఉదయం చేసిన ప్రార్థన. మొదటి నెల అది పచ్చి అబద్ధంలా ఉండేది, పళ్లు బిగించుకుని చేశాను. ఎప్పుడు నిజమైందో చెప్పలేను; ఒకసారి అతనికి జ్వరమని తెలిసి బస్సెక్కాక, దారిలో గమనించాను, నేను నిజంగానే కంగారుపడుతున్నానని.

మీరూ ఆ పరీక్ష తప్పిన అబ్బాయి పేరు పెట్టి ప్రార్థించండి. అయితే మీ స్త్రీల కూడికలో కాదు, మీ వంటింట్లో. "మా తోడికోడలి ఇంటి కోసం ప్రార్థించండి వదినా, పిల్లవాడు చెడిపోతున్నాడు" అంటూ మొదలయ్యే ప్రార్థన విన్నపాలు ఎంత తీయగా ఉంటాయో నాకు తెలుసు. మన సంఘాల్లో చాడీ చాలాసార్లు మోకాళ్ల మీదనే ప్రయాణం చేస్తుంది. ఆమె వాట్సాప్ స్టేటస్‌లు కొన్నాళ్లు కనబడకుండా పెట్టుకోండి. ఒకరోజు ఆ మేడ ఎక్కి టైల్సు గురించి కాక, "ఆరేళ్లు ఆయన లేకుండా ఎలా నెట్టుకొచ్చావమ్మా" అని అడిగి చూడండి. మీ ఆయన సాయంత్రం సున్నం మరకలతోనైనా ఇంటికి వస్తాడు; ఆమె ఆరు క్రిస్మస్‌లు ఫోను తెరతో చేసుకుంది. ఆమె ఏం చెబుతుందో నాకు తెలియదు, కానీ విన్న తరువాత నాకు రాయండి.

ప్రశ్న: సంక్రాంతికి కోడిపందేల బరి దగ్గరకు చూడటానికి మాత్రమే వెళ్తాను. పందెం కాయను, మందు తాగను. ఇది కూడా పాపమేనా?

జవాబు: చట్టం సంగతి మీకు తెలిసినదే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, 1974 నాటి జూద చట్టం రెండూ దానికి అడ్డే, పండగ మూడు రోజులూ వాటిని ఎవరు ఎంత పట్టించుకుంటారన్నది వేరే మాట. మీరు అడిగింది పాపం గురించి కాబట్టి మొదటి కీర్తన మొదటి వచనం తెరవండి. దుష్టుల ఆలోచన చొప్పున నడువక, పాపుల మార్గమున నిలువక, అపహాసకులు కూర్చుండు చోటను కూర్చుండక అని ఉంది. నడవడం, నిలవడం, కూర్చోవడం అనే వరుసను గమనించండి. భోగినాడు దారిన పోతూ ఆగినవారు, సంక్రాంతినాడు తాడు పట్టుకుని నిలబడతారు, కనుమనాటికి ఎవరో ఒక కుర్చీ వేస్తారు. ఆ పక్కనే గుండాట అనే జూదపు బల్ల ఉంటుంది. పందెం కాయకపోయినా ఏ పుంజు గెలవాలో మనసు అప్పటికే ఎంచుకుని ఉంటుంది, దాని కాలికి కట్టిన కత్తి ఎదుటిదాని రొమ్ములో దిగినప్పుడు ఒళ్లు పులకరిస్తుంది. ఆ పులకరింత గురించి మీరు ఉత్తరంలో ఏమీ రాయలేదు.

అందుచేత అవునో కాదో ఇప్పుడే చెప్పను. గత సంక్రాంతికి ఎన్ని రోజులు వెళ్లారు, చివరి రోజు ఎక్కడ కూర్చున్నారు, పక్కవాడు "పై పందెం 500" అన్నప్పుడు మీ చెయ్యి జేబు మీదకు పోయిందా లేదా, ఇంటికి వచ్చాక పిల్లలకు ఏమని చెప్పారు? ఈ నాలుగూ రాసి పంపండి.